ఏరోస్పేస్ చదివితే విమానం నడుపుతారా?

ప్రశ్న: మాది నాయుడుపేట. శ్రీహరికోటలో రాకెట్ లేచిన ప్రతిసారీ మా అమ్మాయి మేడ మీదే ఉంటుంది. ఇప్పుడు ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. బెంగళూరు ఐఐఎస్సీలో (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) ఏరోస్పేస్ చదువుతానంటోంది. అసలు ఆ విభాగం ఎందుకు పెట్టారు, అక్కడ నేర్పేది విమానం నడపడమేనా? నాకు టెన్షన్‌గా ఉంది. – ఒక తల్లి

జవాబు: టెన్షన్ పడకండమ్మా. విమానం నడపడం పైలట్ శిక్షణ, ఆ దారి వేరు. ఇక్కడ చదివేది రెక్క చుట్టూ గాలి ఎలా పారుతుంది, ఆ రెక్క ఎంత బరువు దాకా తట్టుకుంటుంది, అంత వేగంగా గాలి దూసుకొస్తున్నా ఇంజన్‌లో మంట ఆరిపోకుండా ఎలా ఉంటుంది, ఇలాంటివి.

ఆ విభాగం పుట్టింది రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో. 1940లో బెంగళూరులో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ వచ్చింది, కానీ విమానాల లెక్కలు తెలిసిన ఇంజినీర్లు మన దగ్గర ఎంతమంది ఉన్నారు? అందుకే 1942లో ఐఐఎస్సీలో ఏరోనాటికల్ ఇంజినీరింగ్ మొదలుపెట్టారు. మొదట దాన్ని నడిపించిన వి.ఎం. ఘాటగే జర్మనీలో గాలి ప్రవాహాల మీద పేరున్న శాస్త్రవేత్త ప్రాంటిల్ దగ్గర పరిశోధన చేసి వచ్చినవారు. పాఠాలు చెప్పి ఊరుకోలేదాయన, తర్వాత అదే కంపెనీలో హెచ్‌టీ-2 అనే శిక్షణ విమానాన్ని డిజైన్ చేశారు, అది 1951లో ఎగిరింది. పాఠం నేర్చుకున్నవాళ్లు వస్తువు కూడా తయారుచేయాలన్నదే ఆ విభాగం ఉద్దేశమని నాకనిపిస్తుంది.

అదే 1951లో అమెరికాలో చదువు ముగించుకున్న సతీష్ ధావన్ ఐఐఎస్సీలో చేరారు. సూపర్‌సానిక్, అంటే ధ్వనిని మించిన వేగంలో గాలి ఎలా ఉంటుందో చూడటానికి విద్యార్థులతో కలిసి చిన్న విండ్ టన్నెల్ (నమూనాల మీదుగా గాలిని వేగంగా పంపి పరీక్షించే సొరంగం) కట్టారు. 14 అడుగుల వెడల్పు, 9 అడుగుల ఎత్తున్న పెద్ద టన్నెల్ కూడా అక్కడ ఉంది. 1972లో ఇస్రో పగ్గాలు చేపట్టినా ఐఐఎస్సీని వదల్లేదాయన. మీ అమ్మాయి మేడ మీంచి చూసే రాకెట్లు లేచే శ్రీహరికోట కేంద్రానికి ఇప్పుడున్నది ఆయన పేరే! రాకెట్లు, ఉపగ్రహాలు కూడా చదువులో కలిశాక ఏరోనాటికల్ కాస్తా ఏరోస్పేస్ అయింది.

ఒక్క విషయం మాత్రం ముందే తెలుసుకోండి. ఇంటర్ అవగానే అక్కడ ఏరోస్పేస్‌లో చేరడం కుదరదు, ఆ విభాగంలో ఉన్నవి ఎంటెక్, పరిశోధన కోర్సులు. బీటెక్‌కి ఐఐటీ మద్రాస్, బాంబే, కాన్పూర్, ఖరగ్‌పూర్ ఉన్నాయి, అంతరిక్ష శాఖే 2007లో తిరువనంతపురంలో పెట్టిన అంతరిక్ష విద్యాసంస్థ ఐఐఎస్‌టీ ఉంది. అన్నిటికీ జేఈఈ అడ్వాన్స్‌డ్ రాయాలి. అవి రాకపోయినా కంగారు వద్దు, మెకానికల్ చదివి ఎంటెక్ ప్రవేశానికి పెట్టే గేట్ పరీక్ష రాసి ఐఐఎస్సీకి వెళ్లేవాళ్లున్నారు. ర్యాంకు వచ్చాక మళ్లీ రాయండి, ఏ కాలేజీ అన్నది అప్పుడు మాట్లాడుకుందాం.