బాబు మడమ నేలకు ఆనడం లేదా? ఇంక ఆగొద్దు

ప్రశ్న: మా బాబుకు 7 ఏళ్లు. మూడు నెలల క్రితం రోడ్డు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి 12 రోజులు ఐసీయూలో ఉన్నాడు. అప్పుడు రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. ఎడమ చెయ్యి, ఎడమ కాలు ఇంకా బలహీనంగానే ఉన్నాయి. ఫిజియోథెరపీలో బాగా ఏడుస్తున్నాడని నెల క్రితం మాన్పించాం. నడుస్తున్నాడు కానీ ఎడమ మడమ నేలకు ఆనడం లేదు. ఫిట్స్ సిరప్‌తో మగతగా ఉంటున్నాడని పది రోజులుగా అదీ ఆపాం. నరాల బలానికి, జ్ఞాపకశక్తికి మంచి టానిక్ చెప్పండి. స్కూలుకు ఎప్పుడు పంపొచ్చు?
– ఒక తల్లి

జవాబు: టానిక్ సంగతి తర్వాత చూద్దామమ్మా. ముందు ఆ సిరప్. ఫిట్స్ మందు ఎంతకాలం వాడాలన్నది బాబుకు వైద్యం చేసిన డాక్టరే చెప్పాలి. మగతగా ఉంటే మోతాదు తగ్గించడమో, మందు మార్చడమో చేస్తారు. ఉన్నట్టుండి ఆపేస్తే మళ్లీ ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. అలాగని ఇది చదివి పాత మోతాదు మీరే మొదలుపెట్టకండి, కొన్ని మందులను మళ్లీ కొద్దికొద్దిగా పెంచుకుంటూ రావాలి. ఇవాళే ఆ డాక్టరుకు ఫోన్ చేసి అడగండి. ఈలోగా బాబును ఒంటరిగా స్నానానికి పంపొద్దు. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టొద్దు. ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి.

ఇక మడమ. మీరు మధ్యలో ఒక్క ముక్కగా రాసేశారు కానీ, నాకు బాగా ఆందోళన కలిగించింది అదే. మెదడు దెబ్బతిన్నప్పుడు కండరం బలహీనపడటంతో పాటు బిగుసుకుపోతుంది కూడా. పిక్క కండరం అలా బిగిసి ఉండిపోతే క్రమంగా పొట్టిదైపోతుంది. బాబు ఎడమ బూటు తిరగేసి చూడండి. వేళ్ల దగ్గర అరిగి, మడమ దగ్గర కొత్తదానిలా ఉందా? అయితే కొంతకాలంగా మునివేళ్ల మీదే నడుస్తున్నాడన్నమాట.

ఎదిగేకొద్దీ అదే సర్దుకుంటుందని చాలామంది తల్లిదండ్రులు ఎదురుచూస్తారు. జరిగేది తరచూ దానికి వ్యతిరేకం. ఎముక పొడవు పెరుగుతుంది, బిగుసుకున్న కండరం దాంతో పాటు సాగదు. ఎత్తు పెరిగిన ప్రతిసారీ మడమ ఇంకాస్త పైకి లేస్తుంది. మొదట్లో రోజూ సాగదీసే వ్యాయామాలు, రాత్రిపూట పాదాన్ని సరైన కోణంలో పట్టి ఉంచే స్ప్లింట్‌తో సరిపోయేది, ఆలస్యమైతే మడమను కొద్దికొద్దిగా కిందికి దించుతూ మార్చి మార్చి వేసే పిండికట్లు, బిగుసుకున్న కండరాన్ని వదులు చేసే బొటాక్స్ ఇంజెక్షన్లు, చివరికి ఆపరేషన్ దాకా వెళ్లొచ్చు. అందుకే నెల రోజులు మాన్పించామంటే నాకు బాధేసింది. మీ మీద కోపంతో అనడం లేదు, ఏడ్చే బిడ్డను చూడటం ఎంత కష్టమో నాకు తెలుసు.

అయితే ఎందుకు ఏడుస్తున్నాడో ఎవరైనా కనుక్కున్నారా? భయంతోనా, నొప్పితోనా? మోకాలి దగ్గరో, తుంటి దగ్గరో, మోచేతి దగ్గరో వాపు, వేడి ఉంటే వెంటనే చూపించాలి. తలకు పెద్ద దెబ్బ తగిలాక కొందరిలో కీళ్ల చుట్టూ కండరాల్లో కొత్తగా ఎముక పెరుగుతుంది. ఐసీయూ హడావుడిలో చిన్న ఎముక విరుపులు కంటపడకుండా పోవడం కూడా ఉంది. కాబట్టి ఇంట్లో ఎవరూ బలవంతంగా కాలు లాగొద్దు. నొప్పికి కారణం లేదని తేలితే, పిల్లలతో ఆడిస్తూ చేయించే థెరపిస్టును వెతకండి. ఒకేసారి గంట కాకుండా పది పదిహేను నిమిషాల చొప్పున రెండు మూడుసార్లు కుదురుతుందేమో అడగండి.

థెరపిస్టు దగ్గర ఉండేది కాసేపే, మిగతా రోజంతా మీ దగ్గరే కదా. గబగబా చొక్కా గుండీలు మీరే పెట్టేయకండి. ఎడమ చేత్తో అంచు పట్టుకోమని, కుడి చేత్తో గుండీ దూర్చమని చెప్పి ఆగండి. ఐదు నిమిషాలు పట్టినా ఫర్వాలేదు. రెండు చేతులూ వాడితే తప్ప పట్టలేని పెద్ద బంతి ఇవ్వండి. మంచి చేతిని కట్టేసి బలహీనమైన చేతిని వాడించే పద్ధతి ఒకటుంది, దాన్ని మాత్రం థెరపిస్టు చెప్పకుండా మీరే ప్రయత్నించొద్దు.

స్కూలంటారా, డాక్టరు ఒప్పుకున్నాక మొదట రోజుకు కొన్ని గంటలే పంపండి. ఈ పిల్లలు త్వరగా అలసిపోతారు, విసుక్కుంటారు, చెప్పింది మరిచిపోతారు. అది మొండితనం కాదని టీచరుకు ముందే చెప్పండి. పంపేముందు చూపు, వినికిడి పరీక్షలు చేయించండి. ఇప్పుడు చదువు బాగానే ఉన్నా, పాఠాలు బరువయ్యే పై తరగతుల్లో ఇబ్బంది బయటపడొచ్చు. అందుకే ఏటా ఒకసారి చూపిస్తూ ఉండండి.

దెబ్బతిన్న మెదడును టానిక్ బాగుచేయదు. జ్ఞాపకశక్తి మాత్రలేవీ సొంతంగా వేయకండి, ఫిట్స్ మందుతో పడకపోవచ్చు.

తలనొప్పి పెరుగుతున్నా, వాంతులవుతున్నా, ఇప్పుడున్న నడక ఇంకా తగ్గినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. మెదడులో నీరు చేరుతోందేమో చూడాలి.

బాబును చూడకుండా ఇంతకన్నా చెప్పలేను. ఈ వారంలోనే పిల్లల న్యూరాలజిస్టునో, రిహాబిలిటేషన్ డాక్టరునో కలవండి. డిశ్చార్జి కాగితాలు, చెప్పుల్లేకుండా నడుస్తుండగా తీసిన వీడియో, ఆ ఎడమ బూటు వెంట తీసుకెళ్లండి.