పాత మారుతి 800 బ్రేకులు: కిట్ వేస్తే చాలా, సిలిండర్లే మార్చాలా?

మీ నాన్నగారి పాత మారుతి 800లో బ్రేకు తొక్కగానే బండి ఎడమవైపుకు లాగుతోందనీ, పెడల్ మునుపటికంటే బాగా కిందికి దిగుతోందనీ, ఒక మెకానిక్ రబ్బరు కిట్లు (సిలిండర్లలో ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు వాషర్లు, తొడుగులు) వేస్తే చాలంటే మరొకరు అన్నీ కొత్తవి వేయాలంటున్నారనీ రాశారు. చక్రాలు విప్పి చూడకుండా చెప్పినంతవరకు ఆ రెండు మాటల్లో దేన్నీ నమ్మనక్కరలేదు. బ్రేక్ ఆయిల్ ఒత్తిడితో పిస్టన్ కదిలే గొట్టమే సిలిండర్; దాని లోపలి గోడ నున్నగా ఉంటే కిట్ సరిపోతుంది. ఆ గోడను తుప్పు తిని గుంటలు పడి ఉంటే, ఎంత మంచి కిట్ వేసినా ఆ గుంటల అంచులకు కొత్త రబ్బరు కోసుకుపోయి మళ్లీ ఆయిల్ కారుతుంది.

మేము శ్రీకాకుళంలో ఉంటాము. మా మేనమామగారి దగ్గర తీసుకున్న 800 అంతకుముందు బారువలో, సముద్రపు గాలి నేరుగా తగిలే చోట, చాలాకాలం కదలకుండా నిలిచిపోయిన బండి. ఉప్పుగాలి తగిలిన బండికి బ్రేకులు వాడకంతో అరిగేదానికన్నా నిలబడి పాడయ్యేదే ఎక్కువని దాన్ని విప్పించినప్పుడు కళ్లారా చూశాను. మీ బండి కూడా తీరప్రాంతంలో ఉన్నదే అయితే తిరిగిన కిలోమీటర్లు తక్కువని ధీమా పడకండి.

బండి ఎడమకు లాగుతుంటే చాలామంది ఎడమ చక్రాన్నే అనుమానిస్తారు కానీ, తరచుగా తప్పు కుడివైపు ఉంటుంది. ఎడమ బ్రేకు సరిగా పట్టి కుడి బ్రేకు పట్టకపోయినా బండి ఎడమకే తిరుగుతుంది. ఖాళీ రోడ్డు మీద కాసేపు బ్రేకులు వాడుతూ నడిపి, ఆపిన వెంటనే ముందు చక్రాల దగ్గర, తాకకుండా, చెయ్యి పెట్టి వేడిని పోల్చి చూడండి. చల్లగా ఉన్నది పనిచేయడం లేదు. మరీ కాగిపోతున్నది వదలడం లేదు. మా బండిలో కుడి కాలిపర్ (ముందు చక్రం డిస్కును ప్యాడ్లతో నొక్కి పట్టే భాగం) జరగవలసిన పిన్నులు తుప్పుతో బిగుసుకుపోయి, లోపలి ప్యాడ్ రేకు దాకా అరిగిపోగా బయటి ప్యాడ్ మందంగానే మిగిలి ఉంది. అలాంటప్పుడు ప్యాడ్లు ఒక్కటే మార్చితే కొత్తవి కూడా అదే దారి పడతాయి. పిన్నులు శుభ్రం చేయించి, బ్రేకులకు వాడే గ్రీజే పెట్టించి, వాటి రబ్బరు తొడుగులు కొత్తవి వేయించండి. ప్యాడ్లు ఎప్పుడూ రెండువైపులా కలిపే మార్చాలి.

చక్రం వదలకుండా పట్టేసి ఉంటే హోస్ పైపును (చక్రం దగ్గరికి ఆయిల్ తీసుకెళ్లే రబ్బరు గొట్టాన్ని) కూడా చూడాలి. బయటికి బాగానే కనబడే పైపు లోపల ఉబ్బి, ఆయిల్‌ను లోపలికి పోనిచ్చి వెనక్కి రానివ్వకపోవచ్చు. చక్రం జాకీ మీద ఉండగా బ్లీడర్ నిప్పిల్ (ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న మర) కొంచెం వదులు చేస్తే చక్రం వెంటనే తేలికగా తిరిగిందంటే, ఒత్తిడి లోపల చిక్కుకుపోయినట్లే. అప్పుడు ముందుగా అనుమానించవలసింది హోస్‌నే.

ఇక పెడల్ సంగతి. రెండు మూడుసార్లు వెంటవెంటనే తొక్కితే పైకి వచ్చి గట్టిపడితే వెనుక డ్రమ్ముల్లో షూలు (డ్రమ్మును లోపలి నుంచి ఒత్తి ఆపే వంపు ముక్కలు) అరిగి దూరమయ్యాయని అనుకోవచ్చు. మెత్తగా స్పాంజిలా ఉంటే లైనులో గాలి ఉంది. గట్టిగా తొక్కి పట్టుకున్నప్పుడు నెమ్మదిగా కిందికి జారిపోతుంటే ఎక్కడైనా కారుతూ ఉండాలి, లేదా మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే అన్ని చక్రాలకూ ఆయిల్‌ను నెట్టే సిలిండర్) వాషర్లు పోయి ఉండాలి. ఈ మూడో స్థితిలో బండిని నడిపి షెడ్డుకు తీసుకెళ్లవద్దు, మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి.

వెనుక వీల్ సిలిండర్ (డ్రమ్ములో షూలను తోసే చిన్న సిలిండర్) కారుతుంటే, దాని రబ్బరు తొడుగు ఎత్తి చూస్తే తడి కనబడుతుంది. సిలిండర్ విప్పించాక లోపలి గోడను బ్రేక్ ఆయిల్‌తో తుడిచి, వెలుతురుకు పెట్టి, వేలితో తడిమి మీరే చూడండి. మరక మాత్రమే ఉంటే కిట్ వేయించుకోండి. గోరుకు తగిలే గుంట ఒక్కటున్నా కొత్త సిలిండర్ కొనండి. గుంటలు పోయేదాకా ఎమెరీ పేపర్‌తో రుద్దుతామంటే ఒప్పుకోవద్దు, గోడ అరిగి కొలత పెరిగిపోతే వాషర్ బిగుతుగా నిలవదు. మా బండికి మాస్టర్ సిలిండర్‌లో కిట్‌తో సరిపోయింది, వెనుక సిలిండర్లు రెండూ కొత్తవి వేయించవలసి వచ్చింది. ఆయిల్ పీల్చిన షూలను మంట మీద కాల్చి మళ్లీ బిగించడం మన వైపు చాలా షెడ్లలో చూస్తాము. దయచేసి మీరు ఆ పని చేయనివ్వకండి. డ్రమ్ముల్లోని దుమ్మును గాలి కొట్టి ఊదకుండా తడిగుడ్డతో తుడవమనండి, పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశముంది.

రబ్బరు భాగాలను పెట్రోలు, కిరోసిన్లతో కడిగితే అవి ఉబ్బి పాడవుతాయి. బ్రేక్ ఆయిల్ కొత్త సీసాదే పోయించండి, ఎందుకంటే అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు; తేమ పట్టాక ప్రమాణం ప్రకారం ఆ హద్దు 140 డిగ్రీలకే పడిపోతుంది. కోరాపుట్ వైపు నుంచి సుంకి ఘాట్ మీదుగా సాలూరుకు దిగేటప్పుడు బ్రేకు మీదే ఆధారపడితే వేడెక్కిన పాత ఆయిల్ ఆవిరిగా మారి, పెడల్ ఒక్కసారిగా నేలకు తగలవచ్చు.

పెడల్ తొక్కుతూ బ్లీడర్ నిప్పిల్ నుంచి లైనులోని గాలి తీసేటప్పుడు ఒక జాగ్రత్త చాలామందికి తెలియదు. పాత మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్ రోజూ తిరిగే భాగం నున్నగా ఉంటుంది, దానికి ముందున్న చివరి భాగంలో మడ్డి, తుప్పు పేరుకుని ఉంటాయి. పెడల్‌ను నేలదాకా తొక్కితే వాషర్ ఆ తుప్పు మీదికి వెళ్లి చినిగిపోతుంది. పెడల్ కింద ఒక చెక్కముక్క పెట్టి, సగం దూరమే తొక్కుతూ గాలి తీయించండి. సాధారణంగా మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెడతారు.

షూల సర్దుబాటు ముగిశాకే హ్యాండ్ బ్రేక్ కేబుల్ బిగించమనండి. ఆపై జనం లేని మైదానంలో నెమ్మదిగా తిప్పి, బండి తిన్నగా ఆగుతోందని రూఢి చేసుకున్నాక హైవే ఎక్కండి. మొదటి వారం రోజూ ఉదయం ఆయిల్ మట్టం, చక్రాల లోపలి వైపు తడి చూస్తూ ఉండండి; మట్టం తగ్గినట్లు కనబడిన రోజున బండి తీయవద్దు.