నీట్ సీటు రాలేదు, హెల్త్ ఎకనామిక్స్ అంటోంది, యూకే పంపాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ. లాంగ్ టర్మ్ కోచింగ్‌తో కలిపి నీట్ రెండుసార్లు రాసినా సీటు రాలేదు. ఇప్పుడు బీఏ ఎకనామిక్స్ రెండో ఏడాది. హెల్త్ ఎకనామిస్ట్ అవుతానంటోంది. యూకేలో ఏడాది ఎమ్మెస్సీ చేస్తే ఫార్మా కంపెనీల్లో ఉద్యోగం ఖాయమని ఒక కన్సల్టెన్సీ వాళ్లు చెబుతున్నారు. పొలం మీద లోన్ తీసుకోవాలి. ఇక్కడ ఎంఏ, ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ), యూకే ఎమ్మెస్సీల్లో ఏది మంచిది? అసలు ఇది డాక్టర్‌తో సమానమైన చదువేనా? (ఒక తండ్రి, ఖమ్మం జిల్లా)

జవాబు: మీ ఆఖరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. అసలు టెన్షన్ అక్కడే ఉంది కాబట్టి. నీట్ ఫలితాలు వచ్చిన ప్రతిసారీ నాకు ఇదే ప్రశ్న వస్తుంది. ఒకరు ఫిజియోథెరపీ గురించి అడుగుతారు, ఇంకొకరు ఫార్మ్‌డీ చేస్తే పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోవచ్చా అని అడుగుతారు. సమానం కాదండీ. ఇది వేరే పని, దీన్ని దాని పక్కన పెట్టి కొలవకూడదు. మీ అమ్మాయి నీట్‌ని వదిలేసి తనకు నచ్చిన సబ్జెక్టు వెతుక్కుంది. వదల్లేకపోతున్నది మీరే. చుట్టాలు అడిగినప్పుడు "ఏదో డిగ్రీ చేస్తోందిలే" అని మాట దాటేస్తుంటే మాత్రం దయచేసి మానుకోండి. ఆ మాట పిల్ల చెవిన పడుతుంది.

ఆ పని ఏంటో మీకు తెలిసిన విషయంతోనే చెబుతాను. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మొదట మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలై, తర్వాత మిగతా జిల్లాలకు వచ్చింది. పథకం వల్ల పేదవాళ్ల ఆసుపత్రి ఖర్చు నిజంగా తగ్గిందా? తగ్గితే అది పథకం వల్లేనా, ఆ ఏడాది పంటలు బాగుండి జనం చేతిలో డబ్బు ఆడటం వల్లా? ముందు వచ్చిన జిల్లాలను ఇంకా రాని జిల్లాలతో పోల్చి ఆ లెక్క తేల్చేది హెల్త్ ఎకనామిస్టులు. విక్టోరియా ఫాన్, అనూప్ కరణ్, అజయ్ మహల్ 2012లో ఆ పని చేశారు, మొదటి విడత జిల్లాల్లో ఆసుపత్రిలో చేరినప్పుడు జేబులోంచి పెట్టే ఖర్చు తగ్గిందని తేల్చారు.

ఇంకోటి చెప్పకుండా ఉండలేను. మన ఊళ్లలో జ్వరమొస్తే ముందు వెళ్లేది ఆర్ఎంపీ దగ్గరికే కదా. పశ్చిమ బెంగాల్‌లోని బీర్‌భూమ్ జిల్లాలో అలాంటి 304 మందిని తీసుకుని, లాటరీ పద్ధతిలో సగం మందికి తొమ్మిది నెలల శిక్షణ ఇచ్చారు. ఆ తర్వాత రోగులుగా నటించడం నేర్పిన మనుషులను వాళ్ల దగ్గరికి పంపి ఎవరు ఎలా వైద్యం చేస్తున్నారో రాసుకున్నారు. జిష్ణు దాస్, అభిజిత్ బెనర్జీ తదితరులు 2016లో ప్రచురించిన ఆ ఫలితాల ప్రకారం, శిక్షణ పొందినవాళ్లు రోగానికి తగిన వైద్యం చేయడం మెరుగుపడింది కానీ అవసరం లేని యాంటీబయాటిక్స్ ఇవ్వడం మాత్రం తగ్గలేదు. ఆర్ఎంపీలకు శిక్షణ ఇవ్వాలా వద్దా అని ఇక్కడ ఏళ్ల తరబడి గొడవ నడుస్తూనే ఉంది, దాని మీద కాస్త గట్టిగా నిలబడి మాట్లాడగలిగే ఆధారం ఇలాంటి పరిశోధనే. మీ అమ్మాయికి ఇది నచ్చిందంటే నాకేమీ ఆశ్చర్యం లేదు.

ఇక ఆ కన్సల్టెన్సీ మాట. వాళ్లు చెప్పే ఫార్మా ఉద్యోగాలు ఉన్నాయి, హైదరాబాద్‌లోనే ఉన్నాయి. హెచ్ఈఓఆర్ అంటారు, అంటే ఒక మందుకు పెట్టే ఖర్చుకు తగిన ఫలితం వస్తోందా అని లెక్కగట్టే పని. బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ ఉంది, 1999 నుంచి పనిచేస్తోంది. కొత్త మందుకు ప్రభుత్వం డబ్బు పెట్టవచ్చా, అది ఇచ్చే ఆరోగ్యానికి ఆ ధర తగినదేనా అని చూసి చెబుతుంది. అలాంటి సంస్థలను ఒప్పించడానికి కంపెనీలు సమర్పించే లెక్కలు, ఫైళ్లు తయారు చేసే పనిలో కొంత భాగం ఇక్కడ జరుగుతుంది. గౌరవమైన పనే. కానీ నా అనుమానాలు నాకున్నాయి. కొత్తగా చేరినవాళ్లకు ఎక్కువగా వచ్చేది వందల కొద్దీ పరిశోధన పత్రాలు చదివి పట్టికల్లోకి ఎక్కించే పని, అందులో చాలా భాగం రేపు సాఫ్ట్‌వేరే చేసేస్తుంది. అదే ఉద్యోగానికి ఫార్మ్‌డీ పిల్లలూ పోటీ పడతారు. పైగా అది హైదరాబాద్‌లో దొరికే ఉద్యోగమైతే దానికోసం పొలం తాకట్టు పెట్టి బ్రిటన్ దాకా ఎందుకు వెళ్లాలి? అక్కడే ఉద్యోగం వెతుక్కుంటుందిలే అంటారా, చదువయ్యాక ఉండనిచ్చే రెండేళ్ల గ్రాడ్యుయేట్ వీసాను 18 నెలలకు కుదిస్తున్నట్టు ఆ ప్రభుత్వం 2025లోనే ప్రకటించింది. అక్కడి యార్క్ యూనివర్సిటీ లాంటి చోట్ల ఈ చదువు చాలా బాగుంటుంది, అందులో సందేహం లేదు, స్కాలర్‌షిప్ వస్తే కళ్లు మూసుకుని పంపండి. లోన్ మీద మాత్రం, అదీ డిగ్రీ అయిన వెంటనే, నేను పంపమనను. ఉద్యోగం ఖాయం అన్నవాళ్లను ఆ మాట కాగితం మీద రాసివ్వమనండి. ఇరవై ఏళ్ల పిల్ల నెత్తిన మీ పొలం బరువు పెట్టాక, తనకు నచ్చిన పరిశోధన కాదు, ముందు దొరికిన ఉద్యోగమే పట్టుకోవాల్సి వస్తుంది.

మీ ఉత్తరంలో లేని సంగతి ఒకటుంది, అది లెక్కలు. బైపీసీ పిల్లలు పదో తరగతితో మ్యాథ్స్ వదిలేస్తారు. ఈ రంగం మొత్తం స్టాటిస్టిక్స్, ఎకనామెట్రిక్స్ (ఎకనామిక్స్ ప్రశ్నలను డేటాతో తేల్చే లెక్కలు) మీదే నడుస్తుంది. జీవశాస్త్రం చదివిన ఏళ్లు వృథా కావు, రోగాల గురించి తెలిసిన ఎకనామిస్టుకు అది బలమే, కానీ క్యాలిక్యులస్, ప్రాబబిలిటీ ఈ ఏడాదే మొదలుపెట్టాలి. కన్సల్టెన్సీకి కట్టే డబ్బులో చిన్న భాగంతో మంచి మ్యాథ్స్ ట్యూషన్ పెట్టించవచ్చు.

మీరు అడిగిన పోలికకు వస్తే, నా ఓటు ఎంఏ ఎకనామిక్స్‌కే. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఉంది, ఖర్చూ తక్కువ. తర్వాత హెల్త్ వైపు పీహెచ్‌డీ చేయవచ్చు, మనసు మారితే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ రాయవచ్చు, ఎంపీహెచ్ ఒక్కదానితో అది రాయడానికి కుదరదు. కార్యక్రమాలు నడిపే పని, ఫీల్డులో తిరిగే పని ఇష్టమైతే ఎంపీహెచ్ మంచిదే. ప్రభుత్వం వైపు చూస్తే, ఏ వైద్య పరికరం, ఏ చికిత్స ఖర్చుకు తగినదో చూడటానికి 2017లో హెచ్‌టీఏ ఇండియా (హెల్త్ టెక్నాలజీ అసెస్‌మెంట్) అనే కేంద్ర ప్రభుత్వ వ్యవస్థ పెట్టారు, చండీగఢ్ పీజీఐ, తిరువనంతపురం శ్రీచిత్ర లాంటి సంస్థలు దానికి పనిచేస్తాయి. అక్కడ మొదట దొరికేవి చాలావరకు ప్రాజెక్టు ఉద్యోగాలే. పర్మినెంట్ కావాలంటే పీహెచ్‌డీ దాకా ఓపిక పట్టాలి, ఆ ఓపిక ఇంట్లో మీకూ ఉండాలి.

ఈ సెలవుల్లో అమ్మాయిని ఒక పని చేయమనండి. జాతీయ శాంపుల్ సర్వే 75వ రౌండ్‌లో, అంటే 2017-18లో, కుటుంబాలు వైద్యానికి ఎంత ఖర్చు పెట్టాయో అడిగారు. ఆ డేటా కేంద్ర గణాంక శాఖ సైట్‌లో ఉచితం, దాన్ని లెక్కగట్టే ఆర్ (R) అనే సాఫ్ట్‌వేరూ ఉచితమే. తెలంగాణ కుటుంబాలను వేరు చేసి, ప్రసవానికి ప్రైవేటులో ఎంత, ప్రభుత్వ ఆసుపత్రిలో ఎంత ఖర్చయిందో తనంతట తాను తేల్చమనండి. మొదట్లో ఫైలు తెరవడమే కష్టమవుతుంది, విసుగొస్తుంది. అది దాటి, వచ్చిన అంకె సరైనదేనా అని మళ్లీ మళ్లీ చూసుకుంటూ కూర్చుంటే మాత్రం ఎంఏకి దరఖాస్తు పెట్టించండి. లోన్ సంగతి ఎంఏ రెండో ఏడాదిలో మాట్లాడుకుందాం.