జాబ్ మానేసి ఏఐ వీడియోల కోసం 4 లక్షల లోన్ తీసుకుంటానన్న తమ్ముడికి

ముందు ప్రశ్న ఏంటో చెప్తా. జగిత్యాల నుంచి వచ్చి ఉప్పల్‌లో ఉంటున్న ఒక తమ్ముడు రాశాడు. వయసు 31, ప్రైవేట్ కంపెనీలో అకౌంట్స్ జాబ్, చేతికొచ్చేది 38 వేలు. భార్య, నాలుగేళ్ల పాప, ఊర్లో అమ్మానాన్న, నాన్నకి షుగర్. ఊరికి పంపేదాంతో కలిపి నెల ఖర్చు 32 వేలు. రాత్రిళ్లు ఏఐ టూల్స్‌తో నీతికథలు, దేవుడి కథలు కార్టూన్ వీడియోలుగా చేసి యూట్యూబ్‌లో పెడుతున్నాడు, మొన్న ఆగస్టులో మానిటైజేషన్ (వీడియోల మీద యాడ్స్ డబ్బులు రావడం) వచ్చింది. "అన్నా, నెలకి 50 వేలు వస్తున్నాయి, జాబ్ మానేసి ఫుల్ టైమ్ చేద్దామనుకుంటున్నా, బ్యాంకు నుంచి 4 లక్షల పర్సనల్ లోన్ ప్రీ అప్రూవ్డ్ ఉంది, 16 శాతం వడ్డీ, మూడేళ్లు. మంచి గ్రాఫిక్స్ కార్డున్న సిస్టమ్, ఏడాది సబ్‌స్క్రిప్షన్లు, 75 వేల ఆటోమేషన్ కోర్సు తీసుకుంటా, ఈఎంఐ ఛానెల్ డబ్బులతోనే కట్టేస్తా" అంటున్నాడు. బ్యాంకులో ఉన్నది 62 వేలు. క్రెడిట్ కార్డు మీద 41 వేలు బాకీ, మినిమమ్ డ్యూ (బిల్లులో కట్టాల్సిన కనీస మొత్తం) మాత్రమే కడుతున్నాడట. టర్మ్ పాలసీ (మనిషి పోతే ఇంటికి డబ్బిచ్చే ఇన్సూరెన్స్) లేదు, హెల్త్ అంటే కంపెనీ ఇచ్చిన 3 లక్షలే, నాన్న పేరు కూడా అందులోనే ఉంది.

తమ్ముడూ, లోన్ వద్దు. జాబ్ ఇప్పుడే మానకు. ఇలాంటి మెయిల్స్ ఈమధ్య ఎక్కువయ్యాయి, అందుకే నీది తీసుకుని ఇంత వివరంగా రాస్తున్నా. అందరూ చేస్తున్న తప్పు ఒక్కటే, బాగా వచ్చిన నెలని చూసి అదే జీతం అనుకోవడం, దాని మీద ఈఎంఐ పెట్టుకోవడం.

నువ్వు పంపిన అంకెలే చూద్దాం. ఆగస్టు 9,400, సెప్టెంబర్ 13,000, అక్టోబర్ 34,000, నవంబర్ 52,000, డిసెంబర్ 46,000. మొత్తం 1,54,400, సగటు 31 వేల లోపే. మరి 50 వేలు ఎక్కడ? పైగా అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పండగ సీజన్, కంపెనీలు యాడ్స్ మీద ఎక్కువ పెట్టే టైమ్, జనవరి రాగానే రేట్లు పడిపోవడం ఏటా జరిగేదే, నీకింకా ఒక్క జనవరి కూడా గడవలేదు. పిల్లల కోసం అని మార్క్ చేసిన వీడియోలకి 2020 జనవరి నుంచి పర్సనలైజ్డ్ యాడ్స్ (చూసేవాళ్ల ఇష్టాన్ని బట్టి వేసేవి) రావు కాబట్టి అక్కడ రేటు ఎప్పుడూ తక్కువే. అమెరికాలో మన తెలుగు పిల్లలు చూస్తారు కాబట్టి కొంత నయం. (యాడ్‌సెన్స్‌లో, అంటే యాడ్స్ డబ్బులు వచ్చే గూగుల్ అకౌంట్‌లో, ట్యాక్స్ ఫారం నింపావా లేదా చూసుకో, నింపితే అమెరికా వ్యూస్ మీద వచ్చినదాంట్లోనే 15 శాతం కట్ అవుతుంది, నింపకపోతే మొత్తం ఆదాయంలో 24 శాతం దాకా పట్టుకుంటారు.)

ఇక అసలు భయం. 2025 జులై 15 నుంచి యూట్యూబ్ మానిటైజేషన్ రూల్‌ని ఇంకా స్పష్టం చేసింది, ఒకే మూసలో కుప్పలుగా తయారుచేసి వదిలే వీడియోలకి డబ్బులుండవు. ఏఐ వాడటం తప్పు కాదు, కథ నీది, మాట నీది అయితే నడుస్తుంది. కానీ ఆ 75 వేల కోర్సు వాడు నేర్పిస్తానంటున్నదే రోజుకి పది వీడియోలు ఆటోమేటిక్‌గా వదలడం! డబ్బిచ్చి మరీ ఆ రూల్ కిందకి వెళ్తావా? దెబ్బ పడితే ఒక వీడియోకి కాదు, ఛానెల్ మొత్తానికి పడుతుంది.

పడితే ఏమవుతుందో తేదీలేసి చూద్దాం. మార్చి 10న మానిటైజేషన్ ఆపేశారనుకో. 21 రోజుల్లో అప్పీల్ చేసుకోవచ్చు, ఒప్పుకుంటే మంచిదే, ఒప్పుకోకపోతే మళ్లీ అప్లై చేయడానికి 90 రోజులు ఆగాలి, అంటే జూన్ 8. రివ్యూకి ఇంకో నెల వేసుకో, జులై రెండో వారం. జులైలో వచ్చిన ఆదాయం చేతికొచ్చేది ఆగస్టు 21 నుంచి 26 మధ్యలో. మార్చి మొదటి పది రోజుల చిల్లర తప్ప ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా ఏమీ రాదు. ఇల్లు నెలకి 32 వేలు, లోన్ ఈఎంఐ 14 వేల పైన, ఐదు నెలలకి 2 లక్షల 30 వేలు కావాలి. నీ దగ్గర ఉన్నది 62 వేలు. జాబ్ లేదు. అప్పుడేం చేస్తావు, ఇంట్లో బంగారం తాకట్టు పెడతావు, తర్వాత లోన్ యాప్‌లు. ఇలా మొదలైన కుటుంబాలు ఎక్కడ తేలాయో చూశాను కాబట్టే గట్టిగా చెప్తున్నా, దయచేసి ఆ దారిలోకి పోకు.

అందుకే ఎమర్జెన్సీ ఫండ్, ఎమర్జెన్సీ ఫండ్ అని మొత్తుకునేది, ఆదాయం ఆగినా ఇల్లు నడవడానికి పక్కన పెట్టుకునే డబ్బు. జీతం వచ్చేవాళ్లకి ఆరు నెలల ఖర్చు చాలంటాను, ఒక కంపెనీ రూల్ మీద బతికే ఆదాయానికి మాత్రం పన్నెండు నెలలు ఉండాల్సిందే, తగ్గించను. నీకైతే 3 లక్షల 84 వేలు. నువ్వు అప్పు చేస్తానంటున్నది 4 లక్షలు! దగ్గర ఉండాల్సిన మొత్తం ఎంతో, తల మీదకి తెచ్చుకుంటున్న అప్పు కూడా దాదాపు అంతే, ఆ అప్పుకి మూడేళ్లలో వడ్డీయే లక్షా 6 వేలు. ప్రీ అప్రూవ్డ్ అంటే నీ ఛానెల్‌ని చూసి ఇస్తున్నారనుకోకు, నీ అకౌంట్‌లో పడే 38 వేల జీతం చూసి ఇస్తున్నారు, ఆ జీతమే వదిలేస్తానంటున్నావు నువ్వు. ఇంకోటి, ఆ సిస్టమ్ నీకెందుకు? నువ్వు రాసిన టూల్స్ అన్నీ బ్రౌజర్‌లో నడిచేవే, వీడియో తయారయ్యేది వాళ్ల సర్వర్లలో, ఇప్పుడున్న లాప్‌టాప్ చాలు.

మినిమమ్ డ్యూ సంగతి చూసి నాకు నిజంగా కోపం వచ్చింది. నెలకి మూడున్నర శాతం వేసుకున్నా 41 వేల మీద 1,400 పైనే వడ్డీ, దాని మీద జీఎస్టీ. బాకీ అలా నడుస్తున్నంత కాలం కొత్తగా గీకిన దానికి కూడా ఫ్రీ పీరియడ్ ఉండదు, మొదటి రోజు నుంచే వడ్డీ. అంటే నువ్వు ఆ కార్డుతో కడుతున్న డాలర్ సబ్‌స్క్రిప్షన్లకి కూడా వడ్డీ పడుతోంది. అకౌంట్స్ పని చేసేవాడివి, ఒకసారి స్టేట్‌మెంట్ తీసి చూడు.

జాబ్ మానితే పోయేది జీతం ఒక్కటే కాదు, నాన్న హెల్త్ కవర్ కూడా. షుగర్ ఉన్నవాళ్లకి కొత్త పాలసీలో మూడేళ్ల దాకా వెయిటింగ్ పెడతారు, అంటే అప్పటిదాకా ఆ జబ్బుకి క్లెయిమ్ ఇవ్వరు. ఎప్పుడు మానినా సరే, చివరి వర్కింగ్ డేకి ముందే హెచ్ఆర్‌ని అడిగి అదే ఇన్సూరెన్స్ కంపెనీలో సొంత పాలసీకి మారే అవకాశం తీసుకో, వెయిటింగ్‌లో ఇప్పటిదాకా గడిచిన కాలం కలిసొస్తుంది. నీకూ భార్యకీ పాపకీ ఫ్లోటర్ (ముగ్గురికీ కలిపి ఒకే హెల్త్ పాలసీ) ఇప్పుడే తీసుకో. టర్మ్ కోటి రూపాయలకి, అది కూడా శాలరీ స్లిప్ చేతిలో ఉండగానే, ఎందుకంటే రేపు సొంత ఆదాయం అంటే ఐటీఆర్‌లు (ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లు) అడుగుతారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఈ రెండింటి మీదా జీఎస్టీ కూడా లేదు, ఇంకా దేనికి ఆగడం?

మిగతావి: నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేస్తున్న 2 వేల సిప్ నడవనీ. పీఎఫ్ ముట్టుకోకు. ఛానెల్ డబ్బు రిటర్న్‌లో చూపించాలి, ఐటీఆర్ 1 పనికిరాదు, జీతంతో కలిపినా కొత్త పన్ను విధానంలో 12 లక్షల లోపే కాబట్టి పన్ను పడకపోవచ్చు, అయినా చూపించాలి. జాబ్‌లో ఉంటూ బయట పని చేసుకోవచ్చా లేదా, ఆఫర్ లెటర్‌లో ఏముందో ఒకసారి చదువు.

నవంబర్ దాకా ఛానెల్ నుంచి లక్షా 8 వేలు వచ్చాయి కదా, అవి ఆ 62 వేలలో ఉన్నాయో ఖర్చయ్యాయో నువ్వు రాయలేదు. ఇకనుంచి ఛానెల్‌కి వేరే అకౌంట్ పెట్టు. డిసెంబర్ 46 వేలు జనవరి 21-26 మధ్య పడతాయి, పడిన రోజే 41 వేలు కార్డుకి కట్టెయ్, మిగిలింది 62 వేలతో కలిపి స్వీప్ ఎఫ్‌డీలో (సేవింగ్స్ అకౌంట్‌కి లింక్ అయి, కావాల్సినప్పుడు తీసుకోగలిగే ఎఫ్‌డీ) పెట్టు, ఫండ్ అక్కడ మొదలవుతుంది. టూల్స్ ఖర్చు, ఇన్సూరెన్స్ పోను నెలకి 20 వేలు వేయగలిగితే ఏడాదిన్నర లోపే నిండుతుంది. అది నిండాలి, ఏడాదిలో అన్నిటికంటే తక్కువ వచ్చిన నెల కూడా 32 వేలు దాటాలి, అప్పుడు జాబ్ మానేస్తానంటే నేనే సరే అంటా. జనవరి, ఫిబ్రవరి, మార్చి అంకెలు ఏప్రిల్‌లో పంపు, చూసి మళ్లీ మాట్లాడదాం.