వీపు మీద మొటిమల మచ్చలకు మైక్రోనీడ్లింగ్ పనిచేస్తుందా?

వీపు, భుజాల మీద మొటిమలు తగ్గినా మచ్చలు మిగిలిపోయాయని, మైక్రోనీడ్లింగ్ (సన్నటి సూదులతో చర్మాన్ని గుచ్చే పద్ధతి) చేయించుకోవాలా లేక డెర్మారోలర్ (సూదులున్న చిన్న రోలర్) కొని ఇంట్లోనే చేసుకోవచ్చా అని అడిగారు. నేను వీపు పైభాగానికి, భుజాలకు చేయించుకున్నాను. ఫలితం కనిపించింది, కాకపోతే కొన్ని మచ్చలకే. అందుకే ముందు మీవి ఏ రకం మచ్చలో తేల్చుకోమంటాను.

లైటు పక్క నుంచి పడేలా నిలబడి ఎవరితోనైనా ఫోటో తీయించుకోండి. ఎదురుగా ఫ్లాష్ కొడితే గుంటలు తెలియవు, రంగు ఒక్కటే కనిపిస్తుంది. పక్క వెలుతురులో గుంట అంచున సన్నటి నీడ పడుతుంది. నీడ లేకుండా చదునుగా నల్లగానో గోధుమరంగులోనో ఉంటే అది రంగు మచ్చ. తడిమితే గట్టిగా, ఉబ్బుగా తగిలితే హైపర్‌ట్రోఫిక్ మచ్చో (గాయం మేరకే ఉబ్బేది), కెలాయిడో (గాయం అంచు దాటి పెరిగేది) అయి ఉండొచ్చు. నాకు మూడు రకాలూ ఉన్నాయి. డాక్టరుగారు వేళ్లతో ఒక్కోటీ తడిమి, చర్మం పక్కలకు లాగి చూసి, భుజం మీద ఉబ్బుగా ఉన్నవాటి చుట్టూ మార్కర్‌తో గీత గీశారు. ఆ గీత లోపల సూది తగలకూడదన్నారు.

కారణం ఉంది. మైక్రోనీడ్లింగ్ అంటే చర్మానికి కావాలని చేసే సన్నటి గాయాలు. అవి మానే క్రమంలో లోపల చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ అనే ప్రోటీన్ కొత్తగా పుట్టి గుంటను కింద నుంచి కొంత పైకి తెస్తుంది. ఉబ్బు మచ్చలో ఉన్న సమస్యే కొల్లాజెన్ ఎక్కువ కావడం, దాన్ని మళ్లీ గాయం చేస్తే ఇంకా పెరగొచ్చు. ఛాతీ, భుజాలు, వీపు పైభాగం కెలాయిడ్లు ఎక్కువగా వచ్చే చోట్లు. మీకు గానీ, ఇంట్లో ఎవరికైనా గానీ కెలాయిడ్ ఉంటే అడగకపోయినా డాక్టరుకు చెప్పండి. వాటికి ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్, సిలికాన్ జెల్ లాంటి వేరే వైద్యం ఉంది. ఇక చదునుగా ఉన్న రంగు మచ్చలు, కొత్త మొటిమలు రాకుండా చూసుకుంటే, నెలల తరబడి మెల్లగా వాటంతటవే పలచబడతాయి. ఎండ తగలకుండా కాపాడుకోవాలి. ఎజెలాయిక్ యాసిడ్, రెటినాయిడ్ క్రీములు తోడ్పడతాయి. వాటి కోసం సూదుల దాకా వెళ్లక్కర్లేదని నా అభిప్రాయం.

ఇంట్లో రోలర్ మాత్రం వద్దండి. ఇంటి వాడకానికి అమ్మే 0.2, 0.3 మిల్లీమీటర్ల సూదులు కొల్లాజెన్ పుట్టే లోపలి పొరలో పని చేసేంత లోతుకు దిగవు. వీపు చర్మం ఒంట్లోకెల్లా బాగా మందమైనవాటిలో ఒకటి. మచ్చలకు క్లినిక్‌లో సాధారణంగా 1.5 నుంచి 2.5 మిల్లీమీటర్ల దాకా వాడతారు. అంత పొడవు సూదులతో, కంటికి కనిపించని వీపు మీద, స్టెరైల్ కాని చోట చేసుకుంటే ఇన్ఫెక్షన్, గీతల్లాంటి కొత్త మచ్చలు రావచ్చు. రోలర్ సూదులు ఏటవాలుగా దిగి లేస్తాయి, క్లినిక్‌లో వాడే మోటారు పెన్ సూదులు నిటారుగా దిగుతాయి. ఇంకా మొటిమలు వస్తుంటే క్లినిక్‌లో కూడా ఆగమనే చెప్తారు.

ముఖానికి చేయించుకున్నవాళ్లు చెప్పని విషయం ఒకటుంది. మత్తు క్రీమ్‌లో లిడోకెయిన్ ఉంటుంది. వీపంతా దట్టంగా పూసి ప్లాస్టిక్ చుట్టి ఉంచితే అది రక్తంలోకి ఎక్కువగా చేరి ప్రమాదం కావచ్చు. నోటి చుట్టూ తిమ్మిరి, చెవుల్లో హోరు, తల తిరగడం లాంటివి అనిపిస్తే వెంటనే చెప్పాలి. అందుకే నాకు ఒక్కో సిట్టింగ్‌లో కొంత భాగమే చేశారు. వీపంతా ఒకేసారి చేస్తామంటే క్రీమ్ ఎంత వాడతారో గట్టిగా అడగండి.

నొప్పి కండ ఉన్నచోట ఓర్చుకోగలిగేలానే ఉంటుంది. రెక్క ఎముక మీదికి, వెన్నుపూస దగ్గరికి పెన్ వచ్చినప్పుడు క్రీమ్ ఉన్నా పళ్లు బిగపట్టాల్సి వచ్చింది. సూది దిగినచోటల్లా చిన్న చిన్న రక్తపు చుక్కలు లేస్తాయి. ఆ సాయంత్రం వీపు ఎండకు కమిలినట్టు మండింది. తర్వాత కొన్నాళ్లు చర్మం గరుగ్గా ఉండి పొట్టు రాలింది. బోర్లా పడుకోవాలి, వదులైన పాత కాటన్ చొక్కా వేసుకోవాలి. చెమట పట్టే వ్యాయామం, బ్యాగ్ పట్టీ రాపిడి కొద్ది రోజులు వద్దు. అప్పుడే చేసిన చర్మం మీద డాక్టరు ఇచ్చినవి తప్ప ఏమీ పూయకండి. మైక్రోనీడ్లింగ్‌తో పాటు విటమిన్ సి సీరమ్ వాడినవాళ్లకు చర్మంలో గ్రాన్యులోమాలు (వాపుతో ఏర్పడే చిన్న గడ్డలు) వచ్చినట్టు 2014లో ఒక వైద్య పత్రికలో వచ్చింది.

మొదటి రోజుల్లో గుంటలు పూడినట్టే కనిపిస్తాయి. అది వాపు, దాన్ని చూసి సంబరపడొద్దు. అసలు మార్పు తెలియడానికి నెలలు పడుతుంది, సిట్టింగ్‌ల మధ్య కూడా నెలో నెలన్నరో ఆగుతారు. నాకు వెడల్పుగా, లోతు తక్కువగా ఉన్న గుంటలు బాగా తగ్గాయి. పక్క వెలుతురులో తీసిన ఫోటోల్లో చాలావాటికి ఆ అంచు నీడ పోయింది. సూదితో పొడిచినట్టు సన్నగా లోతుగా ఉండే ఐస్‌పిక్ మచ్చలు దాదాపు కదల్లేదు. వాటికి గాఢమైన యాసిడ్‌ను గుంటలోనే చుక్కగా పెట్టే టీసీఏ క్రాస్ అనే పద్ధతి ఉంది గానీ, ఒంటి మీద దాన్ని అనుభవం ఉన్నవాళ్లే చేయాలి.

తీవ్రమైన మొటిమలకు ఇచ్చే ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతున్నా, ఈమధ్య ఆపినా ఆ మాట చెప్పండి. ఇదివరకు మాత్రలు ఆపాక ఆరు నెలలు ఆగమనేవారు. మైక్రోనీడ్లింగ్‌కు అలా ఆగాల్సినంత ఆధారాలు లేవని 2017లో అమెరికా చర్మవైద్య నిపుణుల బృందం ఒకటి తేల్చింది, అయినా నిర్ణయం మీ డాక్టరుదే.

అమెరికాలో మందులు, వైద్య పరికరాలను పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో మొదటి మైక్రోనీడ్లింగ్ పరికరానికి అనుమతి ఇచ్చింది కూడా ముఖం మీది మొటిమల మచ్చలకే. కాబట్టి క్లినిక్‌లో ముఖాల ఫోటోలు చూపించి వీపుకూ ఇలాగే వస్తుందంటే ఒప్పుకోకండి. మీలాంటి చర్మరంగు ఉన్నవాళ్ల వీపు ఫోటోలు, ఒకే లైటులో ముందూ తర్వాతా తీసినవి, చూపించమనండి.