తీరపు పక్షులు: కెమెరా కన్నా ముందు నీటి లెక్క

ప్రశ్న: తెల్లవారకముందే లేచి కోరింగ మడ అడవుల అంచుకు వెళ్లాం. పక్షులన్నీ అర కిలోమీటరు అవతల చుక్కల్లా కనిపించాయి. మేం ముందుకు నడిచే కొద్దీ అవీ జరిగిపోయాయి. 500 ఎంఎం లెన్సు చాలదా?
– పాఠకురాలు, కాకినాడ

జవాబు: లెన్సు చాలు. మీరు వెళ్లింది ఆటు వేళకు అయి ఉంటుంది. బురదలో మేసే పక్షులకు పొద్దు కన్నా నీరే ముఖ్యం. నీరు తీసినప్పుడు పురుగులు, నత్తలు, చిన్న పీతలు ఉన్న బురద బయటపడుతుంది. పక్షులు నీటి అంచు వెంటే దూరం వెళ్లిపోతాయి. పోటు వచ్చేటప్పుడు అదే అంచు వాటిని ఒడ్డు వైపు తోసుకొస్తుంది. అందుకే పోటు నిండడానికి రెండున్నర, మూడు గంటల ముందే చేరి, ఒకచోట కూర్చుని కదలకుండా ఉండండి. మీరు పక్షుల దగ్గరికి పోవద్దు, నీరే వాటిని తెస్తుంది.

రెండు పోట్ల మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. ఇవాళ ఉదయం 6 గంటలకు పోటు నిండితే రేపు దాదాపు 6.50కి నిండుతుంది. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే పోటు వేళలు చూసుకోండి, ఆ రేవులో వేటకు వెళ్లేవాళ్లనూ అడగండి. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులు నీరు బాగా ఎక్కుతుంది. అష్టమి ప్రాంతంలో పోటు బలహీనం, పక్షులు దూరపు బురద మీదే ఉండిపోవచ్చు.

రెండు జాగ్రత్తలు. నీరు ముందు మీ వెనకున్న పాయల్లోకి ఎక్కుతుంది, తిరిగొచ్చే దారి చూసుకున్నాకే కూర్చోండి. చేతికర్రతో బురద లోతు చూడకుండా అడుగు వేయొద్దు. ఇక రెండోది, పెద్ద పోటుకు మునగకుండా మిగిలే మిట్ట పక్షుల విశ్రాంతి చోటు. దాన్ని మీరు ఆక్రమించకండి. మేత మాని తలలెత్తి చూస్తున్నాయంటే అప్పటికే ఎక్కువ దగ్గరయ్యారని అర్థం. పదే పదే లేపితే, వలస ప్రయాణానికి ఒంట్లో దాచుకున్న కొవ్వు ఆ ఎగురుళ్లకే ఖర్చవుతుంది. ఏ ఫొటో కూడా అంత విలువైనది కాదు.

ప్రశ్న: పులికాట్‌లో ఫ్లెమింగోలను, కెమెరా ట్రైపాడ్ మీద పెట్టి తీసినా అంచులు కరిగినట్టు వస్తున్నాయి. రంగు కూడా మసకే. లెన్సు సర్వీసుకు ఇవ్వాలా?
– పాఠకుడు, నెల్లూరు

జవాబు: ముందు ఒక పరీక్ష చేయండి. కెమెరా వెనక తెర మీది బొమ్మను పది రెట్లు పెద్దది చేసి పక్షి కాళ్లను చూడండి. కాళ్లు పాకుతున్నట్టు వణికితే అది వేడిగాలి పని. ఎండెక్కితే నేల మీది గాలి పొరలు పొరలుగా కదులుతుంది. దాన్ని ట్రైపాడూ ఆపదు, షట్టర్ వేగమూ ఆపదు. దూరం తగ్గాలి, లేదా పొద్దున్నే తీయాలి. డిసెంబరులో కూడా తొమ్మిది దాటాక దూరపు గుంపులను వదిలేయడం మేలు.

కారులోంచి తీస్తుంటే ఇంజన్ ఆపండి. దాని అదురు ఒకటి, బానెట్ మీంచి లేచే వేడి మరొకటి. కిటికీ అంచున కిలోన్నర బియ్యం పోసిన గుడ్డసంచి పెట్టుకుంటే ట్రైపాడ్ అక్కర్లేదు. మనిషి దిగితే లేచిపోయే పక్షులు ఆగి ఉన్న కారును సహిస్తాయి.

మసకకు కారణం ఎండ దిక్కు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సు మీదుగా రోడ్డు దాదాపు పడమర నుంచి తూర్పుకు పోతుంది. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కనుక ఎడమవైపు, అంటే ఉత్తరపు నీటిలోని పక్షుల మీద వెలుగు నేరుగా పడుతుంది. కుడివైపువి నీడబొమ్మలవుతాయి. మెరిసే నీటిని చూసి కెమెరా ఫొటోను నల్లబరుస్తుంది, ఎక్స్‌పోజర్ (వెలుగు మోతాదు) ప్లస్ 0.7 పెట్టండి. అదే నల్లటి మడచెట్ల ముందు తెల్లకొంగ అయితే మైనస్ 1, లేకపోతే ఈకల గీతలు మాయమవుతాయి.

ప్రశ్న: ఉప్పుగాలికి కెమెరా పాడవకుండా ఏం చేయాలి?
– పాఠకుడు, మచిలీపట్నం

జవాబు: ఒడ్డున లెన్సు మార్చొద్దు. ఇంటికి రాగానే మంచినీటితో తడిపి గట్టిగా పిండిన మెత్తటి గుడ్డతో బాడీ, లెన్సు గొట్టం తుడిచి, తర్వాత పొడిగుడ్డ వాడండి. నేరుగా పొడిగుడ్డతో రుద్దితే ఉప్పు పలుకులు, ఇసుక గీతలు పెడతాయి. లెన్సు ముందరి అద్దాన్ని బ్లోయర్‌తో ఊదాకే ముట్టుకోండి. ట్రైపాడ్ కాళ్లను విడదీసి కడిగి ఆరబెట్టండి. ఏసీ గదిలోంచి వెళ్లేటప్పుడు కెమెరాను సంచిలోనే అరగంట ఉంచకపోతే అద్దం చెమరుస్తుంది. గాలి చొరని డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ గుళికలు వేసి దాచండి. నీలం గుళికలు గులాబీకి తిరిగితే వాటి పని అయిపోయినట్టే.

ప్రశ్న: బురద మీది చిన్న పక్షులన్నీ ఒకేలా ఉన్నాయి. ప్లోవర్, స్టింట్ తేడా ఎలా?
– పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: రంగు వదిలేసి నడక చూడండి. ప్లోవర్ నాలుగడుగులు పరుగెత్తి టక్కున ఆగి, చూసి, ఒక్క పోటు పొడుస్తుంది. దానివి పెద్ద కళ్లు, పొట్టి ముక్కు. స్టింట్ తల వంచుకుని కుట్టుమిషన్ సూదిలా ఆగకుండా పొడుస్తూ పోతుంది. ఒక్క పక్షినే రెండు నిమిషాలు గమనించండి, తర్వాత ఫొటో తీయండి.