పొద్దున్నే నీలం పొగ వస్తే ఇంజన్ బోరుకొచ్చినట్టేనా?

ప్రశ్న: సార్, మాది కార్బరేటర్ మోడల్ మారుతి 800. నాన్నగారు కొన్న బండి, అమ్మబుద్ధి కావడం లేదు. పొద్దున స్టార్ట్ చేయగానే ఒక నిమిషం నీలంగా పొగ వదిలి ఆపేస్తుంది. మొన్న తిరుమల నుంచి దిగి అలిపిరి దాటాక ఆక్సిలరేటర్ తొక్కేసరికి వెనక బైకతను కనిపించనంత పొగ. ఐదారొందల కిలోమీటర్లకు అర లీటరు ఆయిల్ పోస్తున్నాను. మెకానిక్ చూసి ‘బోరుకొచ్చింది, ఇంజన్ దించాలి, పాతిక వేలవుతుంది’ అన్నాడు. ఫ్రెండ్ దగ్గర సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజి తెచ్చి చూస్తే మూడింటికీ 160, 155, 160 పీఎస్ఐ వచ్చాయి. వాల్వ్ సీల్స్ అయితే హెడ్ (ఇంజన్ పై భాగం) దించకుండా ఇంట్లోనే మార్చుకోవచ్చంటున్నారు, నిజమేనా? పానాలు పట్టుకోవడం వచ్చు.
– ఒక పాఠకుడు, మదనపల్లె

జవాబు: నిజమే. పాతిక వేలు ఇచ్చేయకుండా ముందు గేజి పెట్టి చూశారు, సగం పని అక్కడే అయిపోయింది. మూడు అంకెలూ దాదాపు సమానంగా, బాగానే ఉన్నాయి. బోరుకు రావడమంటే సిలిండరూ, పిస్టన్ చుట్టూ ఉండే రింగులూ అరగడం. రింగులు అరిగిన బండి లోడు మీద పొగ వదులుతుంది, ఎత్తు ఎక్కుతున్నప్పుడు, ఓవర్‌టేక్ చేస్తున్నప్పుడు, నడిపినంతసేపూ. మీది ఎక్కేటప్పుడు కాదు, దిగాక వదిలింది. ఘాట్ దిగేటప్పుడు సెకండ్ గేరులో ఉంచి ఆక్సిలరేటర్ మీంచి కాలు తీసేస్తాం కదా, అప్పుడు కార్బరేటర్‌లో గాలికి దారి మూసుకుపోయి ఇంజన్ లోపలికి గట్టిగా పీలుస్తుంది, ఆ పీల్పుకి హెడ్ మీదున్న ఆయిల్ ఇన్‌లెట్ వాల్వు కాడ వెంబడి గైడులోంచి కిందికి జారుతుంది. దాన్ని ఆపాల్సిన రబ్బరు టోపీయే వాల్వ్ సీల్. ఏళ్ల తరబడి వేడికి అది గట్టిపడిపోతే కాడను పట్టుకోదు. అలా దిగిన ఆయిలంతా అలిపిరిలో మీరు కాలు వేయగానే ఒక్కసారిగా కాలింది. రాత్రంతా బొట్లు బొట్లుగా దిగి పొద్దున పొగయ్యేదీ అదే.

అనుమానం పూర్తిగా తీరాలంటే ఒక్కో ప్లగ్గు రంధ్రంలో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ గేజి పెట్టండి. అంకె ఒక్కసారిగా ముప్పై, నలభై పెరిగితే రింగుల్లో కూడా అరుగుదల ఉన్నట్టు. ఐదో పదో పెరిగితే పట్టించుకోనక్కర్లేదు.

సీల్స్ ఖరీదు పెద్ద లెక్కలోకి రాదు. మీ ఇంజన్‌కి ఆరు వాల్వులు, ఆరు సీల్స్. వైటాన్ రకం దొరికితే అవే తీసుకోండి, మామూలు రబ్బరు కంటే వేడికి బాగా ఆగుతాయి. రాకర్ కవర్ (హెడ్ మీది మూత) ప్యాకింగ్ కూడా కొత్తది తెచ్చుకోండి. స్ప్రింగ్ నొక్కే పనిముట్టు మాత్రం చూసి కొనాలి. హెడ్ బండి మీద ఉండగా పైనుంచి నొక్కే రకం అడగండి. పెద్ద సి ఆకారంలో ఉండే క్లాంపు హెడ్ దించితేనే పనికొస్తుంది, చాలామంది అదే కొనుక్కొచ్చి నాలుక కరుచుకుంటారు.

ఇందులో అసలు టెన్షన్ ఏంటంటే, స్ప్రింగ్ తీశాక వాల్వు జారి సిలిండర్‌లో పడితే ఇక హెడ్ దించాల్సిందే. వర్క్‌షాపుల్లో ప్లగ్గు రంధ్రానికి గొట్టం బిగించి కంప్రెసర్ గాలితో వాల్వుని పైకి నెట్టి ఉంచుతారు. ఇంట్లో అంత గాలి ఎక్కడిది, సైకిల్ పంపుతో అయ్యే పని కాదు. దండెం కట్టుకునే నైలాన్ తాడు చాలు. ఇంజన్ చల్లారాక బ్యాటరీ నెగెటివ్ తీసేసి, మూడు ప్లగ్గులూ విప్పి, రాకర్ కవర్ తీయండి. ట్యాపెట్ స్క్రూలు వదులు చేసి, వాల్వులను నొక్కే రాకర్లు ఎక్కించి ఉన్న షాఫ్టులు లాగేయాలి. షాఫ్టు బయటికొచ్చే దారిలో ఏది అడ్డం ఉంటే అది ముందే దించుకోండి, టైమింగ్ బెల్టు దాకా వస్తే గుర్తులు కలిపి ఫోటో తీసుకుని మరీ దించండి. ఏ రాకర్ ఎక్కడిదో అక్కడికే వెళ్లాలి కాబట్టి కోడిగుడ్ల ట్రేలో వరసగా పెట్టుకోవడం నాకు అలవాటు.

రాకర్లు తీశాక వాల్వులన్నీ మూసుకునే ఉంటాయి, కాబట్టి ఏ స్ట్రోకులో ఉందన్న లెక్క అక్కర్లేదు. పిస్టన్ పైకి రావడానికి ఇంకా కాస్త దూరం ఉండగా ఆ సిలిండర్ ప్లగ్గు రంధ్రంలోంచి తాడు కుక్కండి, కొస బయటే ఉండాలి. పీచు లేచిన తాడు వద్దు. తర్వాత క్రాంక్ పుల్లీ నట్టుకి పానా వేసి చేత్తో మెల్లగా తిప్పితే తాడు ముద్దయి వాల్వులను కింది నుంచి ఎత్తిపట్టుకుంటుంది.

ఇప్పుడు పైన ఆయిల్ దిగే రంధ్రాలన్నిటిలో గుడ్డలు కుక్కండి, ఇది మర్చిపోకండి. స్ప్రింగ్ మూతను పట్టి ఉంచే లాకులు వాల్వుకి రెండు ముక్కలు, ఒక్కోటి శనగబద్దంత ఉంటుంది. జారితే నేరుగా ఆయిల్ చాంబర్‌లోకే. పాత బండ్లలో అవి మూతకి అతుక్కుపోయి ఉంటాయి, స్ప్రింగ్ ఎంత నొక్కినా రావు. మూత మీద సాకెట్ పెట్టి సుత్తితో ఒక్కటి తడితే వదులుతాయి, నొక్కాక అయస్కాంతంతో తీసుకోండి.

పాత సీల్‌ని ప్లయర్‌తో పట్టి మెలితిప్పి పైకి లాగండి. మీవి గిల్లితే బిస్కెట్‌లా విరిగినా ఆశ్చర్యం లేదు. అక్కడే వాల్వు కాడను పక్కలకు ఊపి చూడండి. బాగా ఊగితే గైడు కూడా పోయినట్టు, కొత్త సీల్ కొన్ని నెలలు కూడా నిలవదు, అప్పుడు హెడ్ దించి గైడ్లు వేయించాల్సిందే. ఊగకపోతే కాడ చివర లాకు గాడి మీద జ్యూస్ స్ట్రా ముక్క తొడిగి, దాని మీంచి ఆయిల్ రాసిన సీల్ దించండి, లేకపోతే గాడి అంచు కొత్త సీల్ పెదవిని కోసేస్తుంది. సరిపడే సాకెట్‌తో మెల్లగా నొక్కితే అడుగంటినట్టు చేతికి తెలుస్తుంది, అక్కడ ఆపేయండి. లాకులకు గ్రీజు రాసి పెడితే జారిపోవు. రెండూ సరిగ్గా కూర్చున్నాయని చూసుకునే దాకా తాడు తీయొద్దు. తాడు తీసేటప్పుడు క్రాంక్ వెనక్కి తిప్పి లాగాలి. ఇలా మూడు సిలిండర్లకూ చేసి, చివర్లో మాన్యువల్ చూసి, సందు కొలిచే ఫీలర్ గేజితో ట్యాపెట్లు సెట్ చేసుకోండి. మొదటిసారి చేసేవాళ్లకు ఒక ఆదివారమంతా పడుతుంది. స్టార్ట్ చేశాక కూడా ఒకట్రెండు రోజులు పొగ వస్తే కంగారు పడొద్దు, సైలెన్సర్‌లో పట్టిన పాత ఆయిల్ కాలుతున్నట్టు.

ప్రశ్న: మా కారూ ఇలాగే పొద్దున పొగ వదులుతోంది. షాపులో ఆయిల్‌లో కలిపే మందు సీసా ఇస్తామంటున్నారు, లేదంటే చిక్కటి ఆయిల్ పోయమంటున్నారు. ఏది మేలు?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఆ మందు గట్టిపడిన రబ్బరుని కాస్త మెత్తబరుస్తుంది, అరిగి చీలిన సీల్‌ని అతికించదు. పొగ ఇప్పుడిప్పుడే మొదలైతే కొన్నాళ్లు తగ్గొచ్చు, ఒక సీసా దాకా అయితే ప్రయత్నించండి, రెండోది కొనకండి. చిక్కటి ఆయిల్‌తో దిగడం కొంచెం నెమ్మదిస్తుంది గానీ చలికాలం పొద్దున హెడ్ మీదికి ఆయిల్ ఆలస్యంగా ఎక్కుతుంది. ఈలోగా వారానికోసారి డిప్‌స్టిక్ తీసి చూస్తుండండి.